నూటపన్నెండు గడులు

అమ్మానాన్నలు పెట్టిన పేరు అతనికి ఒకటి ఉంది కానీ, అది గుర్తింపు కార్డు మీద తప్ప మరెక్కడా బతికి లేదు. కరువును ఆకాశం నుంచి కనిపెట్టే ఆఫీసులో ఉద్యోగం దొరికిన వారానికే బావ అతన్ని 'శాటిలైట్' అన్నాడు. నెల తిరిగేసరికి ఊరంతా అదే పేరు. సెలవుకి వెళ్లి బస్సు దిగితే చాలు, కొట్టు ముందు కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు అందుకునేవారు.

"ఏం శాటిలైటూ, నిన్నట్నుంచి నా నల్లమేక కనపడట్లేదు. కాస్త పైనుంచి చూసి చెబుదూ!"

"మేక కనపడదు మామా. పది మీటర్ల కన్నా చిన్నది ఏదీ కనపడదు."

"అయితే మీ అత్త కనపడుతుందిలే. పొద్దున్నే తిట్టుకుంటూ బయల్దేరింది, ఎటు పోయిందో చూడు."

అందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. నవ్వుతూనే కాలర్ సర్దుకునేవాడు. పుస్తకాలు చదివి పైకొచ్చినవాడికి ఊరివాళ్ల వెక్కిరింత కూడా కొంత దండలాగే ఉంటుంది.

ఆఫీసు ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉండేది. కింద టైర్ల దుకాణం. తెరల మీద వెలుగు పడకూడదని కిటికీ అద్దాలకు నల్లకాగితం అంటించారు. ఎనిమిది కంప్యూటర్లు, ఎనిమిది కుర్చీలు, వాటిలో మూడింటికి చక్రాలు ఊడిపోయాయి. ఏసీ నుంచి కారే నీళ్లకు మూలన ఒక బకెట్ పెట్టారు. ఎక్కడెక్కడ నీళ్లు లేవో తేల్చే మనుషులు ఆ బకెట్‌ను రోజుకు రెండుసార్లు సింకులో కుమ్మరించేవారు. శాటిలైట్‌కి మొదటి వారం అది వింతగా తోచింది. రెండో వారం నుంచి తన వంతు వచ్చినప్పుడు తనే కుమ్మరించేవాడు.

అక్కడి పని ఇది. ఐదు రోజులకోసారి ఆకాశం నుంచి నేల బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ నిండా చిన్న చిన్న గడులు. ఒక్కో గడి నేల మీద పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. మన కంటికి కనపడని ఒక వెలుగును పచ్చని ఆకు వెనక్కి కొడుతుంది. ఆ వెలుగు ఎక్కువగా వచ్చినచోట తెర మీద ఎర్రగా కనపడేలా బొమ్మను తయారు చేస్తారు. కాబట్టి ఆ గదిలో ఎరుపు అంటే ప్రాణం, బూడిద రంగు అంటే చచ్చిన నేల. కొత్తగా చేరినవాళ్లకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. అలవాటైపోతే బజార్లో ఎర్ర చొక్కా చూసినా కళ్లకు చల్లగా ఉంటుంది.

అయితే ఆ ఎరుపు జొన్నచేనుదో, అడవిదో, ముళ్లపొదదో యంత్రానికి తెలియదు. మనిషి నేర్పాలి. కొన్ని గడులను ఎంచుకుని, ఒక్కొక్కదాని దగ్గరికీ నడిచి వెళ్లి, గడి నడిమధ్యన నిలబడి, నాలుగు దిక్కులా నాలుగు ఫొటోలు తీసి, అక్కడ ఏముందో రాయాలి. ఆ రాసినదాన్ని పట్టుకుని యంత్రం మిగతా లక్షల గడులను తనంతట తాను పోల్చుకుంటుంది. 'పంట' అని పోల్చుకున్నచోట ఈ ఏటి ఎరుపును కిందటేళ్ల ఎరుపుతో సరిచూస్తుంది. తగ్గితే కరువు. తగ్గకపోతే సాధారణం. కరువు అని తేలిన బ్లాకులకు, అంటే కొన్నేసి ఊళ్ల గుంపులకు, పశువుల మేత, నీళ్ల ట్యాంకర్లు వెళతాయి. సాధారణం అని తేలినవాళ్లు ఆకాశం వైపు చూస్తూ కూర్చోవచ్చు.

రెండేళ్ల కిందట ఒక రోజు సెక్షన్ అధికారి మేడమ్ అతన్ని పిలిచి, పదిహేడో బ్లాకులో నూటపన్నెండు గడులు అప్పగించింది.

"అది మీ ఊరి బ్లాకే కదా. నీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు. నువ్వే చెయ్యి," అంది.

అతను పది రోజుల్లో చేసి ఇచ్చాడు. కుర్చీలోంచి లేవకుండా చేశాడు.

బద్ధకం కాదది. బద్ధకమే అయితే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు. తెర మీద గడులను పెద్దవి చేసి చూస్తుంటే ఒక్కో చేనూ గుర్తుకొచ్చింది. ఇది మేకల మామ జొన్న. ఇది పొడుగాయన శనగ. ఇక్కడ గట్టు మీద కూర్చుని తాటాకు బూర ఊదితే పక్క చేనాయన మట్టిగడ్డ విసిరాడు. పదేళ్ల వయసు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా తను నడిచిన దారులన్నీ ఆ గడుల్లో ఉన్నాయి. 'పంట', 'పంట', 'పంట' అని నొక్కుతూ పోయాడు. సొంతూరికి వెళ్లినంత హాయిగా అనిపించింది. ఊరికి వెళ్లకుండానే.

ఒక్క గడి దగ్గర మాత్రం వేలు ఆగింది. అరవై ఏడో నంబరు. అది అతని సొంత చేను.

నాన్న పోయాక ఆ నాలుగెకరాలూ అతని వాటాకి వచ్చాయి. అక్కని అదే ఊళ్లో ఇచ్చారు. బావకి పక్కనే చేను. "నువ్వెలాగూ పుస్తకాల మనిషివి. నేను దున్నుకుంటా, గింజలు నీకు పంపిస్తా," అన్నాడు బావ. అతనికి ఎక్కడో గుచ్చుకుంది. "నా చేను నేను చేసుకోలేననుకున్నావా?" అన్నాడు. ఆ తర్వాత ఒక్క చాలు దున్నలేదు. రెండో ఏడు గట్టు పక్కన నాలుగు సర్కారు తుమ్మ మొక్కలు లేచాయి. నాలుగో ఏటికి మనిషి దూరలేనంత పొద. దాని కాయలు తియ్యగా ఉంటాయి, మేకలు తింటాయి, తిన్నవి తిన్నట్టు పక్క చేలల్లో విత్తనాలు వేసి వస్తాయి. వానలు తగ్గి, దున్నడం ఆగిన చేలన్నిటినీ ఆ పొద ఒక్కొక్కటిగా కప్పేసింది. ఊళ్లో మొదటి పొద ఎవరి చేలో లేచిందో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. అందుకే అతను సెలవులకి వెళ్లినా ఆ వైపు నడవడం మానేశాడు.

అరవై ఏడో గడిని అతను వేసవి బొమ్మలో కూడా తీసి చూశాడు. కోతలు అయిపోయాక జొన్నచేను బూడిద రంగులోకి రావాలి. అది ఎర్రగానే ఉంది. పంట అలా ఉండదు. లోతుగా వేరు దిగిన ముళ్లపొదే అలా ఉంటుంది. ఈ సంగతి అతనికి తెలియనిది కాదు, కొత్తవాళ్లకు పాఠం చెప్పేదే అతను. అయినా 'బావి కింద రెండో పంట అయి ఉంటుందిలే' అనుకున్నాడు. ఆ బావి ఎండిపోయి పదకొండేళ్లు. 'ముళ్లపొద' అన్న మాట మీదికి బాణం గుర్తు వెళ్లింది, వెనక్కి వచ్చింది. 'పంట' అని నొక్కాడు. కింద 'స్వయంగా వెళ్లి చూశాను' అన్నచోట సంతకం చేశాడు. ఫొటోల దగ్గర 'తర్వాత జతచేస్తాను' అని రాశాడు. ఆ తర్వాత అనేది రాలేదు, ఎవరూ అడగలేదు.

నూటపన్నెండులో మూడో వంతు గడులను పరీక్షకని పక్కన పెట్టారు. యంత్రం చెప్పినదీ అతను రాసినదీ ఒకటేనా అని చూస్తే తొంభై నాలుగు శాతం కలిసింది. నేర్పిందీ అతనే, దిద్దిందీ అతనే. మేడమ్ అందరి ముందూ మెచ్చుకుంది. ఆ రోజు అతను ఆఫీసులో అందరికీ టీ పోయించాడు.

ఈ ఏడు వాన మొహం చాటేసింది. కరువు జాబితా వచ్చింది. పదిహేడో బ్లాకు అందులో లేదు. మ్యాపు మీద లేత ఆకుపచ్చ రంగులో, జబ్బు లేని మనిషిలా పడుకుని ఉంది. సాధారణం.

ఆ మధ్యాహ్నమే అక్క ఫోన్ చేసింది. ఊళ్లో పాలకేంద్రం నడిపేది ఆవిడే.

"తిన్నావురా?"

"తిన్నానక్కా."

"ఒరేయ్, ఆ పైనుండేది మా వైపు చూడ్డం మానేసిందేంట్రా? జాబితాలో మన బ్లాకు లేదంట. కేంద్రంలో రోజుకి నాలుగు క్యాన్లు నిండేవా, ఇప్పుడు ఒకటి సగం. మూడు క్యాన్లు బోర్లించి పెట్టాను. వాటి మీద కోళ్లు కూర్చుని నన్నే చూస్తున్నాయి."

"జాబితా పైనుంచి వచ్చిందక్కా. మా చేతుల్లో ఏముంటుంది?"

"పైనంటే శాటిలైటా, మీ ఆఫీసరా?"

"రెండూ."

"సరేలే. నువ్వున్నావు కదా, చూస్తావులే," అని పెట్టేసింది.

చూశాడు. ఆ సాయంత్రమే తన నూటపన్నెండు గడులనూ తెర మీద పరిచి, పక్కన ఏప్రిల్ బొమ్మ పెట్టుకుని చూశాడు. సగానికి పైగా మండువేసవిలో ఎర్రగా ఉన్నాయి. ముళ్లపొదను చూపించి 'ఇదే పంట' అని అతను నేర్పాడు, యంత్రం బుద్ధిగా నేర్చుకుంది. పొదకి కరువేమిటి? ఏ ఏడు చూసినా అంతే ఎరుపు. తగ్గలేదు కాబట్టి సాధారణం. అంతేకాదు, అదే పాఠంతో అది పక్కనున్న పద్దెనిమిదో, పంతొమ్మిదో, ఇరవై రెండో బ్లాకులను కూడా చూసింది. అక్కడా అదే పొద, అదే ఎరుపు, అదే లేత ఆకుపచ్చ. ఆ మూడు బ్లాకుల్లో అతనికి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

తొమ్మిది రోజులు అతను నోరు మెదపలేదు. పదో రోజు మేడమ్ పిలిచి ఒక కాగితం చేతికిచ్చింది. పదిహేడో బ్లాకు రైతుల అభ్యంతరం. రెండు పేజీల సంతకాలు. మొదటి సంతకం బావది. చదువు అంతంత మాత్రమైన మనిషి, అక్షరాలను మేకుల్లా దిగ్గొట్టాడు.

"శనివారం సాయంత్రంలోపు నివేదిక కావాలి. వెళ్లి చూసిరా. నీ బ్లాకే కదా," అంది మేడమ్.

"నేనే వెళ్లాలా మేడమ్?"

"నీ కన్నా తెలిసినవాళ్లెవరున్నారు?"

ఆ మాట రెండోసారి వినడం.

గురువారం పొద్దున్నే జీపులో బయల్దేరాడు. డ్రైవరు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, నోరు ఊరుకోదు.

"సార్, ఈ రోడ్డు మీ శాటిలైట్‌లో ఎలా ఉంటుంది?"

"తెల్ల గీతలా."

"అదృష్టవంతులండీ మీరు. నాకైతే నడుంలో ఎనిమిది గీతల్లా తెలుస్తోంది." కాసేపాగి, "అబ్బో, బాగా పచ్చగానే ఉందే మీ వైపు," అన్నాడు అటూ ఇటూ చూసి.

"అది పంట కాదు."

"తెలుసులెండి. సర్కారు తుమ్మ. నాలుగు టైర్లూ చేతులెత్తేస్తాయి దాని దెబ్బకి. నాకే తెలిసిందంటే పైనున్న అంత పెద్ద యంత్రానికి తెలీదా?"

శాటిలైట్ నీళ్లసీసా మూత తీశాడు, తాగకుండానే మళ్లీ పెట్టాడు.

పాలకేంద్రం ముందు పాతికమంది దాకా పోగయ్యారు. అక్క అందరికన్నా ముందు నిలబడి ఉంది. "చెప్పాను కదా, మా తమ్ముడొస్తాడని! అక్కడ కూర్చుంటే దానికేం కనపడుతుంది? ఇప్పుడు వీడు కళ్లారా చూసి రాస్తాడు," అంటూ చెయ్యి పట్టుకుని జనంలోకి లాక్కెళ్లింది. మేకల మామ నవ్వబోయి మానేశాడు. బావ కంప కొట్టి వస్తున్నాడు, భుజాన గొడ్డలి, చేతిలో పంగలకర్ర, మోచేతుల దాకా గీతలు. బొగ్గుల బట్టీకి ఆ కంపే అమ్ముకుంటున్నారు ఊళ్లో సగం మంది.

"ఏం బావమరిదీ, మొత్తానికి కిందికి దిగావన్నమాట," అన్నాడు. ఎప్పటి వెక్కిరింతే. అతనికి ఈసారి నవ్వు రాలేదు.

చేలన్నీ చూపించారు. దున్నిన చోట మట్టి పెంకులు లేచి ఉంది. దున్నని చోట పొద. మొదట దారులు గుర్తుపట్టాడు, తర్వాత పట్టలేకపోయాడు. శనగ చేను ఏదని అడిగితే పొడుగాయన పొదలోకి చెయ్యి చూపించాడు. "లోపలుంది నాయనా, ఎక్కడికీ పోలేదు," అన్నాడు.

తిరిగి వస్తూ పాకలోకి తొంగిచూసి, "చుక్కావు ఏదక్కా?" అని అడిగాడు. నుదుటి మీద తెల్ల చుక్కతో పుట్టిన ఆవు అది, అక్క సొంత బిడ్డలా పెంచింది.

"దాని సంగతి ఇప్పుడెందుకులే. రా, మజ్జిగ తాగుదువు," అంది.

జనం వెళ్లిపోయాక పాలకేంద్రం గదిలో ఇద్దరే మిగిలారు. సిమెంటు గచ్చు, పాలవాసన, గోడవారన బోర్లించిన మూడు క్యాన్లు. అక్క నాలుగోది తోముతోంది, అందులో అడుగున ఏమీ లేకపోయినా.

"అక్కా, తప్పు యంత్రానిది కాదు."

"మరి?"

చెప్పాడు. రెండేళ్ల కిందటి పది రోజులు, నూటపన్నెండు గడులు, కింద పెట్టిన సంతకం. నీళ్లు నములుతూనే చెప్పాడు, కానీ ఏదీ మింగలేదు. అరవై ఏడో నంబరు కూడా చెప్పాడు. అక్క తోముతున్న చెయ్యి ఆగింది.

"చూడకుండానే చూశానని రాశావా?"

"ఊఁ."

"వస్తే ఏం పోయేదిరా? బస్సెక్కితే మూడు గంటలు."

"వస్తే మన చేను చూడాలి. చూస్తే అది ముళ్లపొద అని నా చేత్తో రాయాలి."

అక్క క్యాన్ మూత పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.

"చుక్కావుని మొన్న ఆదివారం తోలించేశాను," అంది. "జాబితా వచ్చిన ఏడో రోజు. లారీ ఎక్కనని మొండికేసింది. నేను ముందు నడిస్తే నా వెనకాలే ఎక్కింది."

బయట కోడి ఒకటి ఊరికే అరిచింది.

అక్క గొంతు తగ్గించి, "ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?" అంది.

"లేదు."

"చెప్పకు. యంత్రం పొరబడిందని రాసెయ్. దానికేం పెళ్లామా పిల్లలా, ఒక మాట పడితే ఏం పోయింది? నీ ఉద్యోగం నీకుంటుంది, మా మేత మాకొస్తుంది."

"అలా రాస్తే సోమవారానికల్లా మన బ్లాకు జాబితాలోకి ఎక్కుతుంది, నిజమే. కానీ ఇంకో మూడు బ్లాకులున్నాయక్కా. నేను తప్పు నేర్పాననే రాస్తే తప్ప అవి మారవు."

"రాస్తే?"

"మొత్తం మళ్లీ చెయ్యాలి. అప్పటిదాకా నాలుగు బ్లాకులూ ఆగిపోతాయి. మనకి ఇంకో రెండు వారాలు ఆలస్యం."

అక్క అతని వైపు చూసిన చూపు అతను జన్మలో మర్చిపోడు. కోపం అయితే బాగుండేది. ఎవరో దారి అడిగిన మనిషిని చూసినట్టు చూసింది.

"నీ సంతకానికి నా ఆవు పోయింది. ఇప్పుడు నీ నిజాయితీకి మిగతావి పోవాలా?"

అతను లేచి బయటికి నడిచాడు. గుమ్మం బయట బావ నిలబడి ఉన్నాడు, ఎప్పట్నుంచో తెలియదు. పంగలకర్ర గోడకి ఆనించి జీపు దాకా వచ్చాడు.

"ఆ మూడు బ్లాకులవాళ్లు ఎవరైనా అర్జీ పెట్టుకున్నారా?" అని అడిగాడు.

"లేదు బావా. మీరొక్కరే."

"వాళ్లకి శాటిలైట్ చుట్టం లేడు కదా, ఎలా తెలుస్తుందిలే," అన్నాడు బావ. వెక్కిరింతో, మామూలు మాటో తెలియలేదు. దారిపొడవునా ఆ మాటే చెవుల్లో మోగింది.

శుక్రవారం అతను రెండు నివేదికలు రాశాడు. ఒకటి అరపేజీ. 'యంత్రం ముళ్లపొదను పంటగా పొరబడినట్లు క్షేత్ర పరిశీలనలో తేలింది.' అందులో అబద్ధమైన మాట ఒక్కటీ లేదు. అదే దాని నీచత్వం. రెండోది మూడు పేజీలు. మేడమ్ గది ముందు నిలబడినప్పుడు కూడా రెండూ చేతిలోనే ఉన్నాయి. లోపలికి వెళ్లి మూడు పేజీలది బల్ల మీద పెట్టాడు. అరపేజీ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చించడానికి కూడా మనసొప్పలేదు. మనిషి అంత సులువుగా మంచివాడైపోడు.

మేడమ్ చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఈ గడులు నీకెందుకిచ్చానో తెలుసా?"

"నేను అక్కడివాణ్నని."

"తెలియనివాడికి ఇచ్చి ఉంటే భయంతోనైనా వెళ్లి చూసేవాడు." ఆవిడ గొంతు పెంచలేదు. "తొంభై నాలుగు శాతమని నేను పైవాళ్లకి చెప్పాను. అందరి ముందూ నిన్ను మెచ్చుకున్నాను. ఫొటోలేవని ఒక్కసారీ అడగలేదు. అది నా తప్పు, నేను రాసుకుంటాను. నీ కాంట్రాక్టు నెలాఖరుతో అయిపోతుంది, మళ్లీ ఉండదు. ఈలోపు నూటపన్నెండూ నడిచి రా. నువ్వు ఎంత తొందరగా నడిస్తే జాబితా అంత తొందరగా వస్తుంది."

"ఈలోపు పదిహేడో బ్లాకు ఒక్కదానికైనా..."

"పునాదే తప్పని కాగితం మీద పడ్డాక ఒక్క బ్లాకు మార్చే అధికారం నాకు లేదు. నీకు తెలుసు. తెలిసే రాశావు."

తెలిసే రాశాడు.

బావ ఇంట్లోనే ఉండి నడిచాడు. అక్క వద్దనలేదు, రమ్మనలేదు. అతనితో మాట్లాడటమే మానేసింది. ఏం చెప్పాలన్నా బావ ద్వారానే చెప్పేది. తమ్ముడు ఎదురుగా కూర్చుని ఉండగానే, "అన్నం పెట్టానని మీ బావమరిదితో చెప్పండి," అనేది. బావ తల ఇటు తిప్పి, "అన్నం పెట్టిందట," అనేవాడు. "చాలని చెప్పు బావా." "చాలట." "సరిగ్గా తినకపోతే ఎండలో పడిపోతాడు, అప్పుడదొక ఆలస్యం, అని చెప్పండి." రెండు మూడు రోజులకి బావకి విసుగొచ్చి, "మీ ఇద్దరి మధ్యా నాకు మెడ నొప్పి వచ్చేలా ఉంది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

రోజుకి తొమ్మిది, పది గడులు. చేతిలో జీపీఎస్ పెట్టె. గడి నడిమధ్యకి చేరితే అది కూత పెడుతుంది. కంప అడ్డొస్తే నరుక్కుంటూ లోపలికి వెళ్లాలి. నాలుగో రోజుకి చొక్కా చిరుగులు పడింది. ఊళ్లో విషయం తెలిసిపోయింది. బావ చెప్పలేదు, అక్క చెప్పలేదు, అతనే కొట్టు ముందు ఆగి చెప్పాడు. మేకల మామ విని, బీడీ పారేసి, "మా ఆవిడ ఎటు పోయిందో కూడా చూశానని రాసుంటావు," అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరూ అతన్ని శాటిలైట్ అనలేదు. ఆ పేరు కోసం అతను అంత వెతుక్కుంటాడని అతనికీ తెలియదు.

ట్యాంకర్లు రాలేదు. ఒక రోజు పొడుగాయన ఎద్దు చేలో కూలబడింది. దాన్ని లేపడానికి నలుగురు పట్టారు, అతనూ వెళ్లి తోక వైపు పట్టాడు. లేవలేదు. ఎవరూ అతని వైపు చూడలేదు. అతనికి అదే కష్టంగా ఉంది.

పదమూడో రోజుకి ఒక్క గడి మిగిలింది. నంబర్ల వరసలో వెళ్లి ఉంటే అది ఎప్పుడో అయిపోయేది. చివరిదాకా తప్పించుకుంటూ వచ్చాడని అతనికి తెలుసు.

గట్టు దగ్గరికి వెళ్లేసరికి బావ గొడ్డలితో అక్కడే ఉన్నాడు. "నేను కొడతాను, నువ్వు కర్రతో లాగు," అన్నాడు.

"వద్దు బావా. ఇది నేనే చేస్తాను."

బావ అతని మొహంలోకి చూశాడు. పదేళ్ల కిందట ఇలాంటి మాటే విన్నాడు. అతనికీ అది గుర్తొచ్చింది, తల దించుకున్నాడు. కాసేపటికి, "ఇద్దరం చేద్దాం," అన్నాడు.

మధ్యాహ్నం దాకా పట్టింది. కొమ్మలు లాగి లాగి అరచేతులు చీరుకుపోయాయి. నడిమధ్యకి ఇంకా పది బారలు ఉండగా బావ ఆగి, నువ్వెళ్లు అన్నట్టు తలాడించాడు. మిగతాది అతనే నరుక్కుంటూ వెళ్లాడు. పెట్టె కూత పెట్టింది. అక్కడ ఎండిపోయిన బావి ఒర ఉంది, దాని రాళ్ల సందుల్లోంచి కూడా తుమ్మ లేచింది. అక్కడ నిలబడితే గట్టు కనపడలేదు, దారి కనపడలేదు, ఊరు కనపడలేదు.

తూర్పుకి ఒక ఫొటో తీశాడు. దక్షిణానికి ఒకటి. పడమటికి ఒకటి. మూడింట్లోనూ ఒకటే బొమ్మ.

"ఏరా! ఎక్కడున్నావ్?"

అక్క గొంతు. గట్టు మీంచి కాబోలు. పదమూడు రోజుల తర్వాత బావతో కాకుండా అతనితోనే అన్న మొదటి మాట.

"ఇక్కడే అక్కా."

"ఇక్కడంటే ఎక్కడ్రా? ఒక్క ఆకు కదల్లేదు."

"బావి దగ్గర."

"నీళ్లు తెచ్చాను. ఆయన తాగేశాడు, నీ వంతు ఉంది. పని అయ్యాక రా. అయ్యాకే రా," అంది. ఆ గొంతులో క్షమించిన జాడ లేదు. ఉండాలని అతను ఆశించనూ లేదు.

ఉత్తరానికి నాలుగో ఫొటో తీశాడు. కాగితం తీసి, బావి ఒర మీద పెట్టుకుని, అరవై ఏడు అన్నచోట 'ముళ్లపొద' అని రాశాడు. అరచేతి నెత్తురు ఆ మాట పక్కన అంటింది. తుడవబోతే ఇంకా పాకింది. నూటపన్నెండు గడుల్లో ఇది డెబ్బై ఎనిమిదో తప్పు. 'స్వయంగా వెళ్లి చూశాను' అన్నచోట ఆ రోజు తేదీ వేసి సంతకం చేసి, నరికిన దారి వెంట వంగి వంగి బయటికి నడిచాడు.